హారర్ కథలో దుష్టురాలిని నిలబెట్టడం ఎలా: పాలమూరు, నల్లగొండ ఊళ్ల నుంచి ఒక కథ అల్లుదాం

హారర్ కథ చదివి పుస్తకం మూశాక, భయంతో పారిపోయిన కథానాయకుడి పేరు మరిచిపోతాం. అతణ్ని తరిమిన ఆడమనిషి మాత్రం గుర్తుండిపోతుంది. ఆమె మాట, ఆమె నవ్వు, ఆమె గడపలో నిలబడిన తీరు నెల తర్వాత కూడా గుర్తొస్తాయి. అలాంటి స్త్రీని మధ్యలో నిలబెట్టి 1,500 నుంచి 2,000 పదాల కథ ఎలా రాయాలో ఇక్కడ చెబుతాను. చెబుతూనే మీ ముందు ఒక కథను అల్లుతాను. మీరు పక్కన నోటు పుస్తకం పెట్టుకుని మీ కథను అల్లండి.

అడుగడుగునా గుర్తు పెట్టుకోవలసినది ఒకటుంది. ఆమె దుర్మార్గం ఆమె కోరికలోంచి పుట్టాలి. ఆమె ముసలిదనీ, వితంతువనీ, అందవికారంగా ఉందనీ, ఊరి చివర ఒంటరిగా బతుకుతోందనీ చెప్పి భయపెట్టాలని చూస్తే కథ బలహీనపడుతుంది. మన ప్రాంతంలో అది అన్యాయం కూడా. ఎందుకో తర్వాత వివరిస్తాను.

మొదట భయాన్ని మీ ఊళ్లో వెతకండి

పాడుబడ్డ బంగళా, అర్ధరాత్రి శ్మశానం, తెల్లచీర, గజ్జెల చప్పుడు పక్కన పెట్టండి. వాటిని మీరు తెరమీద చూశారు, పాఠకుడూ తెరమీదే చూశాడు. మీరు కళ్లారా చూసినవి వేరే ఉన్నాయి.

మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి సుమారు 3 ఎకరాల్లో పరచుకున్న మర్రి. వయసు 700 ఏళ్లకు పైమాటే అంటారు. దాని అసలు మొదలు ఏదో, నేలకు దిగి మొదలుగా మారిన ఊడ ఏదో చూసి చెప్పడం కష్టం. చెదలు పట్టినప్పుడు, 2018లో, కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి ఆ మానుకు మందు ఎక్కించారు. ఒక చెట్టుకు వందల సీసాలతో మందు చుక్కలు చుక్కలుగా ఎక్కుతున్న దృశ్యాన్ని ఊహించండి. దానికి ఏ దయ్యాన్నీ చేర్చనక్కరలేదు.

కొల్లాపూర్ దగ్గర సోమశిల వైపు వెళ్లినా కథలు దొరుకుతాయి. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల మొదట్లో, కృష్ణ ఒడ్డున ఉన్న ఎన్నో ఊళ్లు నీటి అడుగుకు పోయాయి. గుళ్లను రాయి రాయి విప్పి గట్టు మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. ఇళ్లను ఎవరూ తేలేదు. వేసవిలో నీళ్లు తగ్గితే తన పాత వాకిలి ఎక్కడ తేలుతుందో వేలు పెట్టి చూపించగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు అయితే నీళ్లలోనే భయం ఉంది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మెల్లగా పళ్లు, ఆ తర్వాత ఎముకలు దెబ్బతింటాయి. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు. తల్లి తన చేత్తో ముంచి ఇచ్చిన నీళ్లే ఏళ్ల తరబడి పిల్లల ఎముకలను వంచాయి. దీన్ని కథకు వాడుకునేవారు ఒక్క నియమం పాటించాలి: వంగిన ఒళ్లను భయపెట్టే బొమ్మలుగా చూపించకండి. ఆ నొప్పి పడ్డవాళ్లు మీ కథ చదువుతారు. భయాన్ని చెంబులో ఉంచండి, చెంబు అందించే చేతిలో ఉంచండి.

ఊరి నడిబొడ్డున నిలిపే బొడ్రాయికి చేసే పండుగ గురించి కూడా ఆలోచించండి. ఊరి ఆడబిడ్డలందరూ అత్తగారిళ్ల నుంచి పుట్టింటికి వస్తారు. క్రతువు ముగిసేదాకా పొలిమేర కట్టేస్తారు. బయటివారు లోపలికి రాకూడదు, లోపలివారు బయటికి పోకూడదు. మూసిన గదిలో జరిగే హత్య కథలు రాసేవారికి గది కావాలి. మనకు ఏకంగా ఊరే దొరికింది.

నేను మాత్రం ఈ కథకు తాళం వేసిన ఇళ్లను తీసుకుంటాను. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు ఊళ్లలో వలస అంటే ఏమిటో వేరే చెప్పాలా? వయసులో ఉన్నవాళ్లు బొంబాయికో పుణెకో కూలికి పోతారు. ముసలివాళ్లు, బడి ఈడు పిల్లలు మిగులుతారు. ఒక వాడలో ఆరు ఇళ్లకు తాళాలుంటే ఏడో ఇంట్లో దీపం వెలుగుతుంది. తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? కథ అక్కడ మొదలవుతుంది.

మీ సంగతికి వద్దాం. ఇంట్లో పెద్దవాళ్లను ఒక ప్రశ్న అడగండి: "దీపాలు పెట్టాక మీ చిన్నప్పుడు ఏ పనులు చేయనిచ్చేవారు కాదు?" ఉప్పు అప్పివ్వకూడదు, వాకిలి ఊడ్చి చెత్త బయట పోయకూడదు, పేరు పెట్టి పిలిస్తే మొదటిసారికే పలకకూడదు అంటూ చాలా వస్తాయి. వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసుకోండి. వాటిలో ఏది వినగానే మీకు "మరి చేస్తే?" అనిపించిందో దాని కింద గీత గీయండి.

దుష్టురాలు మనల్ని ఎందుకు లాగుతుంది

ఇక్కడ తొందరపడవద్దు. ఇది అర్థమైతే మిగతా పని సగం తేలికవుతుంది.

పంచవటికి వచ్చిన శూర్పణఖ తనకు ఏం కావాలో దాపరికం లేకుండా అడిగింది. అడిగినందుకు ముక్కు చెవులు పోయాయి, అక్కడి నుంచే యుద్ధానికి దారి పడింది. పూతన అందంగా ముస్తాబై నందుడి ఇంట్లోకి నడిచి వచ్చింది, ఒక్కరూ అడ్డుకోలేదు. బిడ్డను ఒడిలోకి తీసుకోవడం కంటే సహజమైన పని లేదు కాబట్టే ఆ ఘట్టం ఈనాటికీ ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. పాలిచ్చిందన్న ఒక్క కారణానికి ఆమెకు తల్లికి దక్కే గతి దక్కిందని భాగవతం చెబుతుంది. ఆ కథ కట్టినవారికి దుష్టురాలి విషయంలో ఎంత చూపు ఉందో గమనించండి: విషమూ ఆమెదే, పాలూ ఆమెవే.

మన చరిత్రలోకే వస్తే, కడవెండి గడీ ఉంది. ఇప్పుడది జనగామ జిల్లా, అప్పుడు నల్లగొండ జిల్లా. విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ దొరసాని అక్కడి నుంచే పెత్తనం చేసింది. సంఘం (ఆంధ్ర మహాసభ) ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమురయ్య నేలకొరిగినది ఆ ఊళ్లోనే, 1946 జూలై 4న. ఆమె పేరు తలచుకుని పెద్దవాళ్లు గొంతు తగ్గించేవారంటే ఏ మంత్రతంత్రాలూ కారణం కాదు. ధాన్యం, భూమి, మనుషుల ఒంటి మీద దెబ్బలు ఆమె మాట మీద నడిచేవి. భయం వేయడానికి అధికారం చాలు.

మన ఇళ్లలో ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి ఏం నేర్పుతాం? అందరూ తిన్నాక తిను, గొంతు తగ్గించి మాట్లాడు, నీకేం కావాలో అడగకు. ఈ మూడింటినీ కాదని ముందు తాను కూర్చుని, ముందు తాను వడ్డించుకుని, తనకు కావలసినది తీసుకునే స్త్రీ కథలోకి వస్తే పాఠకులలో రెండు భావాలు ఒకేసారి కదులుతాయి. ఒకటి జంకు. రెండోది ఎవరికీ చెప్పుకోని సంతోషం. ఆడవాళ్లు ఇలాంటి పాత్రను ఇష్టంగా చదవడానికి కారణం ఈ రెండోదేనని నా నమ్మకం. అందం వల్ల ఆకర్షణ వస్తుందనుకునేవారు ఆమెకు పొడవాటి జడ, ఎర్రటి పెదాలు పెట్టి ఊరుకుంటారు. ఆ పాత్ర రెండో పేజీకే తేలిపోతుంది.

కాబట్టి పాత్రను మొదలుపెట్టేటప్పుడు ఈ మూడు వాక్యాలు పూర్తి చేయండి: ఆమెకు కావలసినది ఇది. దాని కోసం ఆమె ఇంత దూరం పోతుంది. పోయినందుకు ఆమె ఈ కారణం చెప్పుకుంటుంది.

మన కథలో ఆమె పేరు అనంతమ్మ అనుకుందాం. కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ భార్య. 35 ఏళ్లు ఉంటాయి. నవ్వితే చెంప మీద సొట్ట పడుతుంది. వలస పోయే ఆడవాళ్లు తాళాలు ఆమె చేతికే ఇచ్చి పోతారు. పిల్లలకు జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకుపోయేది, ముసలివాళ్ల పింఛను కాగితాలు సరిచూసేది ఆమే. ఆమెకు కావలసినది ఇళ్లు. ఆస్తిగా కాదు, ఒక్కో ఇంట్లో ఆ ఇంటి ఇల్లాలుగా ఉండడం కావాలి. దాని కోసం అసలు ఇల్లాలిని ఆమె పిల్లల మనసులోంచి కొద్దికొద్దిగా తుడిచేస్తుంది. ఆమె చెప్పుకునే కారణం: "వదిలేసి పోయినవాళ్లకు ఇల్లు ఎందుకు? వండి పెట్టేది నేను."

ఈ కారణంలో కొంత నిజం ఉంది. ఉండాలి కూడా. కథలో కనీసం ఒక అర పేజీ ఆమె చెప్పేదే న్యాయమని పాఠకుడికి అనిపించాలి. ఆమె చేతి జొన్నరొట్టె, పచ్చిపులుసు తినాలనిపించాలి.

ఒక హద్దు

బాణామతి, చేతబడి అన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషులను చెట్లకు కట్టి కొట్టారు, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టారు, సజీవంగా కాల్చారు. జాతీయ నేర గణాంకాల్లో, హత్యలకు కారణాల జాబితాలో, మంత్రాల నెపానికి ఇప్పటికీ ఒక వరుస ఉంది. ఈ నెపం ఎక్కువగా ఎవరి మీద పడుతుందో మీకూ తెలుసు: దిక్కు లేనివాళ్లు, వితంతువులు, భూమి తగాదాలో ఉన్నవాళ్లు, పక్కింటి బిడ్డకు జబ్బు చేసిన రోజున ఆ వాకిట్లో కనబడినవాళ్లు. దేవుడికి అంకితం పేరుతో జోగినిగా మార్చిన ఆడపిల్లల సంగతీ ఇంతే. 1988లో చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. వాళ్లు ఆ ఆచారానికి బలైనవాళ్లు. జుట్టు విరబోసుకుని శిగమూగే జోగినిని కథలో రాక్షసిగా నిలబెడితే ఆ బలిని మీరు ఇంకోసారి ఇచ్చినట్టే.

ఇందుకు నేను వాడే పరీక్ష తేలికైనది. మీ పాత్ర వయసు, కులం, రూపం, పెళ్లి అయిందో లేదో, మొగుడు ఉన్నాడో లేడో, ఇవన్నీ కాగితం మీద కొట్టేయండి. మిగిలిన మనిషి ఇంకా భయపెడుతోందా? భయపెడితే పాత్ర నిలబడింది. లేకపోతే మీరు వాడుకుంటున్నది ఊరి పాత అపనింద మాత్రమే. అనంతమ్మకు మొగుడున్నాడు, పిలుపు ఉంది, ఊళ్లో మర్యాద ఉంది. అందుకే ఆమెను ఎవరూ అనుమానించరు.

ఆమె శక్తికి ఒక షరతు పెట్టండి

ఏమైనా చేయగల దయ్యంతో కథ నడవదు. ఎలా చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తేలాలి. సుందరకాండలో హనుమంతుడికి ఎదురైన సింహికను చూడండి. ఆమె చేయగలిగినది ఒక్కటే, నీడను పట్టుకోవడం. నీడ దొరికితే ఆకాశంలో ఎగిరేవాడు కూడా కదలలేడు. అంత చిన్న శక్తి, అంత పెద్ద భయం. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడ గర్భగుడిలో పడే స్తంభపు నీడ పగలంతా ఒకే చోట నిలిచి ఉంటుంది. సింహికనూ ఆ నీడనూ కలిపి ఆలోచించిన రచయితకు ఒక కథ ఊరికే దొరుకుతుంది. ఎవరైనా రాస్తే సంతోషిస్తాను.

అనంతమ్మకు పెట్టిన షరతు ఇది. తాళం ఆమె తీసుకోకూడదు, ఇల్లాలే ఆమె చేతిలో పెట్టాలి. పెడుతూ మనం అందరితో అనే మాట అనాలి: "నీ ఇల్లే అనుకో వదినా." మర్యాదకు అన్న ఆ మాటే అనుమతి అవుతుంది. ఈ షరతు వల్ల మీకు రెండు లాభాలున్నాయి. తప్పు చేయని తల్లే తలుపు తెరిచిందన్న బాధ కథలోకి వస్తుంది. పైగా కథ చదివిన ఆడమనిషి ఇంకెప్పుడు ఆ మాట అనబోయినా ఒక్క క్షణం ఆగుతుంది.

షరతును కథలో ఎవరూ వివరించకూడదు. పూజారి వచ్చి చెప్పకూడదు, పాత తాళపత్రం దొరకకూడదు. మాట మొదటి పేజీలో మామూలుగా వినబడాలి, చివరి పేజీకి దగ్గరలో మళ్లీ వినబడాలి. రెండుసార్లు చాలు.

ఎవరి కళ్లతో చూపించాలి

అనంతమ్మ మనసులోకి పోయి రాయవచ్చు, కానీ మొదటి కథకు వద్దంటాను. దుష్టురాలి లోపలి ఆలోచన మొత్తం తెలిసిపోతే ఆమె పట్ల జాలి పెరిగి భయం తగ్గుతుంది. ఆమెకు దగ్గరగా ఉంటూ ఆమెను పూర్తిగా చదవలేని మనిషిని ఎంచుకోండి. నేను 9 ఏళ్ల శివలీలను ఎంచుకుంటాను. ఆమెకు 4 ఏళ్ల తమ్ముడు నర్సింలు, కంటిపొర కమ్మిన అవ్వ ఉన్నారు. తల్లి పద్మమ్మ, తండ్రి పుణెలో మేడలు కట్టే పనిలో ఉన్నారు. అవ్వకు చూపు ఆనదు, తమ్ముడికి ఇంకా తెలియదు, తల్లి ఫోనులో గొంతు మాత్రమే. జరుగుతున్నది చూడగలిగినది ఒక్క శివలీలే, ఆమె మాట పెద్దవాళ్లు లెక్కచేయరు.

భయాన్ని మెట్లు మెట్లుగా పెంచండి

ఎక్కువ కథలు ఇక్కడ దెబ్బతింటాయి. మొదటి పేజీలోనే రక్తం కారిపోతే తర్వాత పేజీకి ఏం మిగులుతుంది?

భయం పెంచే పద్ధతి నేర్చుకోవాలంటే అలంపురం వెళ్లండి. జోగులాంబ అమ్మవారి శిరోజాల్లో బల్లి, తేలు, గబ్బిలం, మనిషి పుర్రె ఉంటాయి. ఇంటికి కీడు కమ్ముకొచ్చే క్రమం అదేనని అక్కడ చెబుతారు. ఇంట్లో బల్లులు ఎక్కువవుతాయి, తర్వాత తేళ్లు చేరతాయి, తర్వాత గబ్బిలాలు, చివరికి చావు. ఆ తల్లికి చేయెత్తి మొక్కి, కథకులుగా ఆ వరుసను మనసులో పెట్టుకోండి. బల్లి ప్రతి ఇంట్లో ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తేలు కనబడితే చంపి మరిచిపోతాం. గబ్బిలం ఇంట్లో కాపురం పెట్టిందంటే ఆ ఇంట్లో మనుషుల అలికిడి తగ్గిందని అర్థం. పుర్రె దాకా వచ్చేసరికి చేయగలిగినది ఏమీ ఉండదు. మొదటి మెట్టు మామూలు విషయం కావాలి. ప్రతి మెట్టుకూ పాత్రల దగ్గర ఒక సాకు ఉండాలి. చివరి మెట్టు దగ్గర సాకులు అయిపోవాలి.

మన కథకు ఈ క్రమం ఇలా వస్తుంది. శివలీల వాళ్లు ఉంటున్నది పెదనాన్న ఇంట్లో. వాళ్ల సొంత ఇల్లు తాళం వేసి ఉంది. ఒక సాయంత్రం ఆ ఇంటి గూట్లో దీపం కనబడుతుంది. దుమ్ము పట్టకుండా అనంతమ్మ ఊడ్చి దీపం పెట్టిందని అవ్వ సంతోషిస్తుంది. అది బల్లి. తర్వాత ఒకరోజు అనంతమ్మ పంపిన పప్పు అచ్చం అమ్మ చేసినట్టే ఉంటుంది, అమ్మ చింతపండు ఎక్కువ వేసే అలవాటుతో సహా. ఆదివారం ఫోనులో అమ్మ మాట్లాడుతూ "నీ పేరు..." అని ఆగుతుంది. సిగ్నల్ లేదనుకుంటుంది శివలీల. తమ్ముడు రాత్రి ఏడవడం మానేస్తాడు. ఎందుకని అడిగితే, అమ్మ ఇంట్లోనే ఉంది కదా అంటాడు. పీర్ల పండుగకు పద్మమ్మ నిజంగానే ఊరికి వస్తుంది. అవ్వ అప్పటికే అనంతమ్మ ఉన్న ఆ సొంత ఇంట్లోకి మారి ఉంటుంది. పద్మమ్మ దగ్గరున్న రెండో తాళంచెవి తిరగదు. లోపలి నుంచి అవ్వ "ఎవరమ్మా నువ్వు, ఎవరింటికి వచ్చావు?" అని అడుగుతుంది.

దీన్ని వాక్యాల్లో పెట్టేటప్పుడు ఎంత తక్కువ చెప్పాలో చూపించడానికి రెండో మెట్టు రాస్తాను:

"శివలీల పప్పు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆగింది. ఇంకో ముద్ద తిన్నది.
'అవ్వా, అమ్మ వచ్చిందా?'
'పిచ్చిదానా, అమ్మ ఉగాదికి కదా వచ్చేది. అనంతమ్మ పంపింది. ఎందుకు, బాగా లేదా?'
బాగుంది. ఎంత బాగుందంటే శివలీల గిన్నె వేలితో తుడుచుకుని నాకింది. ఆ రాత్రి అమ్మ ఆ ఇంట్లో ఎప్పుడైనా చింతపండు ఎక్కడ దాచేదో అనంతమ్మకు చెప్పిందా అని ఆలోచిస్తూ పడుకుంది."

ఇందులో భయం అన్న మాట లేదు. గుండె దడదడలాడలేదు, చెమటలు పట్టలేదు. "కెవ్వుమని అరిచింది", "వెన్నులో చలి పుట్టింది" వంటి మాటలు రాయాలనిపించిన ప్రతిచోటా ఆగి, ఆ మనిషి చేత్తో ఏం చేసిందో రాయండి. శివలీల గిన్నె నాకింది. పిల్ల మురిపెంగా తిన్న ఆ తిండే తర్వాత పాఠకుణ్ని ఇబ్బంది పెడుతుంది.

ఆమె మాట

దుష్టురాలు గట్టిగా నవ్వకూడదు, బెదిరించకూడదు, తానెవరో ప్రకటించుకోకూడదు. అనంతమ్మ కథ మొత్తం మీద ఒక్కసారైనా కోపంగా మాట్లాడదు. "రా బిడ్డా, అన్నం చల్లారుతుంది" అంటుంది. ఈ వాక్యం మొదటిసారి ఆప్యాయతగా వినబడుతుంది, మూడోసారికి పాఠకుడు పుస్తకం పక్కన పెడతాడు. వాక్యం మారలేదు, దాని చుట్టూ ఉన్నది మారింది. మీ పాత్రకూ అలాంటి వాక్యం ఒకటి వెతికి పెట్టండి. ఎంత మామూలుగా ఉంటే అంత మంచిది.

వరుసలు కూడా పనిచేస్తాయి. పిల్లలు మొదట ఆమెను "అత్తమ్మ" అంటారు. కొన్నాళ్లకు "చిన్నమ్మ" అంటారు. తమ్ముడు ఒకరోజు "చిన్న" అన్నది వదిలేస్తాడు. ఈ మార్పును మీరు ఎత్తి చూపవద్దు. పిలుపు మార్చి ముందుకు పోండి, చదివేవారు పట్టుకుంటారు.

సంభాషణల్లో పాలమూరు యాస పెట్టాలా? మీ చెవికి అది ఇంటి మాట అయితే తప్పకుండా పెట్టండి. విని నేర్చుకున్నదైతే వద్దు. సగం యాస కథను అబద్ధం చేస్తుంది. కథనం వ్యావహారికంలో సాగితే చాలు.

ముగింపు

ఇక్కడ ముందు నిషేధాలు చెప్పాలి. అంతా కల అని తేల్చకండి. మంత్రగాడు వచ్చి నిమ్మకాయలతో బంధించకూడదు. డాక్టరు వచ్చి మానసిక జబ్బు అని పేరు పెట్టకూడదు. చివరి వాక్యంలో "ఆమె చనిపోయి పదేళ్లయింది" అనే మలుపు మాత్రం దయచేసి వద్దు.

మిగిలిన దారులు మూడు. ఆమె షరతే ఆమెను ఓడించవచ్చు. ఆమె గెలవవచ్చు. మూడోది మన నేలకు బాగా అలవాటైన దారి: ఆమెకు ఒక చోటు ఇవ్వవచ్చు. నాగార్జునసాగర్ నీళ్ల కింద మునిగిన ఇక్ష్వాకుల లోయలో, నాగార్జునకొండ దగ్గర, హారీతికి ఒక గుడి ఉండేది. హారీతి ఊరి పిల్లలను ఎత్తుకుపోయి తినే యక్షిణి. ఆమెకు 500 మంది పిల్లలు. బుద్ధుడు వారిలో ఒక్కణ్ని దాచాడు. 499 మంది ఎదురుగా ఉన్నా ఆ ఒక్కడి కోసం ఆమె అల్లాడిపోయింది. ఒకరిద్దరే ఉన్న తల్లుల కడుపుకోత అప్పుడు తెలిసి, పిల్లలను కాపాడే దేవతగా మారిందని బౌద్ధ కథ. ఆనకట్ట పనులకు శంకుస్థాపన జరిగిన 1955 తర్వాత ఆ లోయలోని కట్టడాలు కొన్ని గుట్ట మీదికి చేరాయి, చాలా భాగం నీటి పాలైంది. చెరువు కట్టల మీద కట్ట మైసమ్మను నిలిపిన మన పెద్దలకు కూడా ఈ తెలివి ఉంది. భయపెట్టే స్త్రీకి కాపలా పని అప్పగించి, ఏటా బోనం పెట్టారు. మీ దుష్టురాలిని ఊరు ఈ విధంగా తనదాన్ని చేసుకుంటే, ఆ ముగింపు ఓటమో గెలుపో తేల్చలేక పాఠకుడు చాలాసేపు కూర్చుంటాడు.

అనంతమ్మ కథను మాత్రం నేను రెండో దారిలో ముగిస్తాను. వాకిట్లో పద్మమ్మ, గడప లోపల అనంతమ్మ. అనంతమ్మ ఒంటి మీద పద్మమ్మ పెళ్లిచీర. మధ్యలో శివలీల. ఆమెకు అసలు తల్లి ఎవరో తెలుసు. కథ మొత్తం మీద మరిచిపోనిది ఆమె ఒక్కతే. అనంతమ్మ తన మామూలు వాక్యమే అంటుంది. పద్మమ్మకు కూతురి పేరు గుర్తు రాదు, నోరు తెరిచి నిలబడిపోతుంది. శివలీల ఎవరిని "అమ్మా" అని పిలుస్తుందన్నదే కథ. నేను రాస్తే ఆమె గడప దాటి లోపలికి పోతుంది, మరిచిపోయి కాదు, తెలిసే. ఆ పిల్లను ఆ నిర్ణయానికి తెచ్చినవి ఏడాది ఒంటరితనం, వేడి అన్నం. దుష్టురాలి గెలుపు ఇలా ఇంకొకరి ఎంపిక మీదుగా వస్తే గట్టిగా నాటుకుంటుంది.

మీ చివరి సన్నివేశంలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎంచుకోవాలి. దయ్యం వచ్చి మింగేసింది అంటే అది ప్రమాదమే తప్ప కథ కాదు.

రాశాక

వారం పాటు పక్కన పెట్టండి. తర్వాత మొదటి పేరా తీసేసి చదవండి. చాలా కథలు రెండో పేరా నుంచే మొదలవుతాయి. మొదటి పేరాలో వర్షమో చీకటో మాత్రమే ఉంటుంది. ఆశ్చర్యార్థకాలు అన్నీ కొట్టేయండి. "హఠాత్తుగా", "అకస్మాత్తుగా", "భయంకరమైన" అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీత గీసి, తీసినా అర్థం చెడని చోట్ల తీసేయండి.

ఊళ్లో విషయాలు సరిచూసుకోండి. పీర్ల పండుగ చాంద్రమానం ప్రకారం ఏటా కొన్ని రోజులు ముందుగా వస్తుంది; మీ కథ ఎండాకాలంలో నడుస్తుంటే ఆ ఏడాది పండుగ ఏ నెలలో వచ్చిందో చూడాలి. పుణె బస్సు మీ ఊరికి తెల్లవారుజామున వస్తుందా, రాత్రి వస్తుందా? జొన్న కోతలు ఎప్పుడు? ఇలాంటి చిన్న తప్పు దొరికితే ఆ ఊరి పాఠకుడు దయ్యాన్ని కూడా నమ్మడు.

చివరగా ఎవరికైనా పైకి చదివి వినిపించండి. కథలు రాసే స్నేహితుడి కంటే వంట చేసుకుంటూ వినే అక్కో, పెద్దమ్మో మేలు. ఆమె చేతిలో పని ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. మళ్లీ ఎక్కడ మొదలైందో అదీ గుర్తు పెట్టండి. "ఆమె అట్లా ఎందుకు చేసింది?" అని అడిగితే కోరిక సరిగ్గా చెప్పలేదని అర్థం, మూడు వాక్యాల దగ్గరికి తిరిగి వెళ్లండి. "ఆమె చేసినదాంట్లో తప్పేముంది?" అని వాదనకు దిగితే కథను ఇక ముట్టుకోకుండా ఏదైనా ఆదివారం అనుబంధానికి పంపించండి.